ఎఱ్ఱకొండ కడుపులోని చమురు

పసిఫిక్కు మహాసముద్రము నట్టనడుమ, అమెరికా తీరమునకు రెండువేల మైళ్లకు మించిన దూరమున హవాయి దీవులు గలవు. వానిలో ఓఆహూ అనునది పరిమాణమున పెద్దది కాకపోయినను జనసమ్మర్దమున మొదటిది. హోనలూలూ నగరమును, పెర్ల్ హార్బరు అను నౌకాశ్రయమును ఈ దీవియందే యున్నవి. ఆ దేశపు పూర్వభాషలో నీటిని ‘వాయి’ యందురు; సంపదను ‘వాయివాయి’ యందురు. చుట్టును ఉప్పుసముద్రము గల వారికి నీటిపేరే రెండుమారులు పలికినచో సంపద యని తోచుట వింత కాదు.

ఈ నీరెక్కడిది? కొండలపై కురిసిన వాన నల్లరాతి సందులలో నింకి, పాతాళమునకు దిగి, అచ్చట రాతిలో నిండియున్న సముద్రపు నీటిమీద తేలుచుండును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. మంచినీటి మట్టము సముద్రమట్టమునకు ఒక యడుగు పైనున్నచో, దానికి దిగువను ఇంచుమించు 40 అడుగుల లోతువఱకు మంచినీరే యుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. 1879వ సంవత్సరమున ఆ దీవిలో మొదటి గొట్టపుబావి త్రవ్వినపుడు నీరు తనంతట పైకి ఎగజిమ్మెను. అది చూచి చెఱకుతోటలవారును పట్టణమువారును విచ్చలవిడిగా బావులు త్రవ్విరి. అర్ధశతాబ్దము గడచునప్పటికి ఊటలు క్రుంగి, కొన్ని బావులకు ఉప్పదనము పట్టెను. అప్పుడు మేలుకొని, 1929లో హోనలూలూ జలసరఫరా సంఘమును స్థాపించిరి. ఈ సంఘము పేరు మన కథలో మఱల వచ్చును.

ఇక చమురు సంగతి. 1940 నాటికి అమెరికా నౌకాదళమునకు కావలసిన చమురంతయు పెర్ల్ హార్బరు ఒడ్డున ఆరుబయట నిలిపిన ట్యాంకులలో నుండెను. విమానములు వచ్చి బాంబులు వేసినచో నేమి గతి యని అధికారులకు బెంగ పట్టుకొనెను. ఆ బెంగ నిరాధారమైనది కాదు గదా! 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు రానే వచ్చెను. ఓడలను ముంచెను గాని, ఒడ్డునున్న చమురు ట్యాంకుల జోలికి పోలేదు. అయితే అంతకు ఏడాది ముందే, 1940 డిసెంబరు చివరను, రేవునకు రెండున్నర మైళ్ల దూరమున నున్న ఒక కొండలో పని మొదలయి యుండెను. ఆ కొండ ప్రాచీన నామము కపూకాకీ. మట్టిరంగునుబట్టి దానిని ఎఱ్ఱకొండ, ఇంగ్లీషున రెడ్ హిల్, అని పిలుచుచుండిరి.

మొదట అడ్డముగా గుహలు తొలిచి వానిలో చమురు నింపవలెనని తలచి, పిదప ఆలోచన మార్చుకొని, నిలువు ట్యాంకులు నిర్మించుటకు నిశ్చయించిరి. ఈ మార్పునందలి తెలివి మెచ్చదగినది. కొండ నడుమ పైనుండి క్రిందికి ఒక సన్నని బావి త్రవ్విరి. అడుగున సొరంగమొకటి తొలిచిరి. బావి చుట్టును రాతిని పగులగొట్టినకొలది ఆ రాళ్లు తమంతట దొర్లి అడుగుసొరంగములోని కదలెడు పట్టీపై పడి బయటికి పోవుచుండెను. ఆ విధముగా రెండు వరుసలలో, వరుసకు పది చొప్పున, 20 ట్యాంకులు సిద్ధమయ్యెను. ఒక్కొక్కటి 250 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. హోనలూలూ రేవునందలి అలోహా గోపురము 184 అడుగులది. దానిని దీనిలో దించి మూతపెట్టవచ్చును. ఒక్కొక్క ట్యాంకున పట్టు చమురు 1 కోటి 25 లక్షల గ్యాలనులు, అనగా నాలుగుకోట్ల డెబ్బది లక్షల లీటరులు. రాతికి కాంక్రీటు పూసి, లోపల పావు అంగుళము మందము గల ఉక్కురేకులను అతికి ఒరవలె అమర్చిరి. దాదాపు నాలుగువేలమంది రాత్రింబగళ్లు పనిచేసిరి. పదిమందికి పైగా కూలీలు ఆ చీకటిలో ప్రాణములు విడిచిరి. 1943 సెప్టెంబరునాటికి పని ముగిసెను.

ఇంతటి నిర్మాణము గుఱించి లోకమునకు దశాబ్దములకొలది తెలియలేదు, యుద్ధరహస్యముగా దాచిరి కనుక. 1995లో అమెరికా సివిలు ఇంజనీర్ల సంఘము దానిని చారిత్రక నిర్మాణముగా గౌరవించెను. ఇంజనీర్ల దృష్టిలో అది గౌరవమునకు తగినదే. కాని ట్యాంకుల అడుగునకును, నేను మొదట చెప్పిన మంచినీటి ఊటకును నడుమ నున్నది నూఱడుగుల రాయి మాత్రమే. ఆ దక్షిణ ఓఆహూ ఊటను ఆ ప్రాంతపు ప్రజలకు ముఖ్యమైన ఏకైక జలాధారముగా అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ 1987లో ప్రకటించెను. ఒక్క కొండలో పైన చమురు, క్రింద త్రాగునీరు. యుద్ధకాలపు తొందరలో ఎవరికిని ఈ పొందిక అనుచితముగా తోచినట్లు లేదు. నేనును వారిని మిక్కిలి తప్పుపట్టజాలను. విమానముల మ్రోత వినబడుచుండగా పాతాళజలమును గుఱించి యోచించువారరుదు. తరువాతి డెబ్బదియేండ్ల శాంతికాలమునకు మాత్రము ఆ సాకు చెల్లదు.

ట్యాంకు ఓటువడినదో లేదో తెలిసికొనుట ఎట్లు? వినుటకు తేలికగా నుండును: చమురు తగ్గినదేమో కొలిచి చూచిన సరిపోవును గదా యందుము. ఇంటిలోని డబ్బాకు ఆ మాట చెల్లును. నూఱడుగుల వెడల్పు గల ట్యాంకులో చమురుమట్టము ఒక అంగుళములో పదవవంతు తగ్గినచో, పోయినది 490 గ్యాలనులు. కంటికి కనబడని ఆ తగ్గుదల వెనుక ఒక పెద్ద కిరసనాయిలు అంగడికి సరిపడు సరకున్నది. అంతటితో చిక్కు తీరలేదు. చమురు వేడికి ఉబ్బును, చల్లదనమునకు ముడుచుకొనును. నిండు ట్యాంకున ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ మార్పునకు పదివేల గ్యాలనులకు పైగా హెచ్చుతగ్గులు కనబడును. కావున మట్టము తగ్గినపుడు అది కాఱుటచేతనా, చల్లబడుటచేతనా యని నిర్ణయించుట సామాన్యము కాదు. సూక్ష్మయంత్రములతో పరీక్షించి, గంటకు అర గ్యాలను మించి కాఱినచో పట్టుకొనగలమని నౌకాశాఖవారు చెప్పుకొనిరి. ఆ మాట నిజమే కావచ్చును. అయినను గంటకు అర గ్యాలను అనగా ఏడాదికి 4,380 గ్యాలనులు. పరీక్షలో నెగ్గిన ట్యాంకు ఓటులేని ట్యాంకనుటకు వీలులేదు.

ఇచ్చట చట్టము సంగతి కొంచెము చెప్పవలెను. అమెరికాలో మోటారుబండ్లు ప్రబలినప్పటినుండి పెట్రోలు అంగళ్ల క్రింద ఉక్కు ట్యాంకులు పాతిపెట్టుట వాడుక. ఉక్కు నేలలో తుప్పుపట్టును. 1980వ దశాబ్దపు ఆరంభమున ఊరూర బావినీటిలో పెట్రోలు వాసన వచ్చుచున్నదని మొఱలు పుట్టగా, 1984లో శాసనమును, 1988లో నిబంధనలును వచ్చెను. అప్పటినుండి ఆ దేశమున అయిదులక్షలకు పైగా ట్యాంకులు కాఱినట్లు ఋజువైనది. కాని ఎఱ్ఱకొండవంటి, స్థలముననే కట్టిన మహా ట్యాంకులకు ఓటు కనిపెట్టు నిబంధనలను అప్పుడు వర్తింపజేయక వాయిదా వేసిరి. ఆ వాయిదా 2015వఱకు సాగెను! వీధిచివర అంగడివాని చిన్న ట్యాంకునకు గట్టి కట్టుబాటు, కొండంత ట్యాంకునకు మినహాయింపు.

2014 జనవరిలో మొదటి పెద్ద గంట మ్రోగెను. అయిదవ నంబరు ట్యాంకును మరమ్మతుకై మూడేండ్లు ఖాళీగా నుంచి, మఱల నింపిరి. నింపుచుండగానే కాఱినది. 27,000 గ్యాలనుల విమానపు చమురు పోయినదని అంచనా. మట్టమున ఆ నష్టము అయిదున్నర అంగుళములు మాత్రమే. మరమ్మతు చేసిన గుత్తదారుల అతుకులు సరిగా లేకుండుట, ఆ పనిని పరీక్షించువారు సరిగా పరీక్షింపకుండుట, హెచ్చరిక గంటలు మ్రోగినను సిబ్బంది తగినట్లు నడచుకొనకుండుట, ఈ మూడును కారణములని విచారణలో తేలెను. ఉక్కురేకు తుప్పుకంటె మనుష్యుల అలసత్వమే ముందు రంధ్రము చేసినదన్నమాట.

కాఱిన చమురు ఏమయ్యెను? ఈ ప్రశ్నతోనే అసలు పరిశోధన మొదలగును. మెత్తని మట్టి నేలయైనచో గొట్టము దించి అడుగడుగునకు మట్టి తీసి, వాసన చూచి, పరీక్షాశాలకు పంపి, చమురు ఎంతమేర వ్యాపించెనో పటము గీయవచ్చును. ఎఱ్ఱకొండ మట్టి కాదు. అది లావా పొరల దొంతర. ఒకపొర నునుపుగా పాఱి గడ్డకట్టినది. దానిపై పొర గులకరాళ్ల కుప్పవలె విఱిగి గరుకుగా నున్నది. అక్కడక్కడ మనిషి దూరగల లావా బొఱియలు. ఇట్టి రాతిలో చమురు తిన్నగా క్రిందికి దిగదు. ఒకచోట నిలిచిపోవును, వేఱొకచోట చఱ్ఱున జాఱును. బోరు వేసిన చోట ఏమియు లేకపోయినంత మాత్రమున పదడుగుల ప్రక్కను లేదని చెప్పజాలము.

అయినను పరిశోధకులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మూడు మార్గములు త్రొక్కిరి. మొదటిది రాయి: 1998 తరువాత ట్యాంకుల క్రింద ఏటవాలుగా తొలిచి తీసిన రాతికడ్డీలలో పెక్కింటియందు చమురు మరకలు కనబడెను. కావున 2014 నాటిది మొదటి ఓటు కాదు. రెండవది గాలి: రాతి సందులలోని గాలిని పీల్చి తీయుటకు ట్యాంకుల క్రింద సన్నని గొట్టములు అమర్చిరి. చమురు ఆవిరిగా మాఱును గనుక, గాలిలో ఆవిరి ఒక్కసారి హెచ్చినచో పైన ఏదో జరిగినదని గుర్తు. అయిదవ ట్యాంకు కాఱినపుడు ఈ గొట్టములు సాక్ష్యమిచ్చెను. మూడవది నీరు: సొరంగపు నేలనుండియు కొండ చుట్టును పరీక్షాబావులు త్రవ్వి, నీరు తీసి చూచుట. బక్కెటు నీటిపై ఒక చుక్క కిరసనాయిలు పడినచో రంగురంగుల పొరగా పఱచుకొనుట మనమెఱిగినదే. ఆ పొర కనబడకున్నను, చమురులోని కొన్ని పదార్థములు నీటిలో కరగును. బెంజీను అట్టిది, మనము బట్టలపెట్టెలలో వేయు కలరా ఉండల సరకగు నాఫ్తలీనును అట్టిదే. మఱియొక గుర్తు కూడ గలదు. నేలలోని సూక్ష్మజీవులు చమురును తినునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. చమురు దొరకకపోయినను, నీటిలో ప్రాణవాయువు తఱిగి, ఇనుము హెచ్చియున్నచో అచ్చట చమురు విందు జరిగినదని యూహింపవచ్చును. దొంగ పోయినను అడుగుజాడ నిలిచినట్లు.

అన్నిటికంటె పెద్ద తగవు మఱియొకటి: కొండక్రింద నీరు ఏ దిక్కునకు పాఱుచున్నది? ఎఱ్ఱకొండకు దిగువను నౌకాశాఖవారి సొంత జలసొరంగ మొకటి యుండెను. దానినుండి వారి నివాసములకు నీరు పోవుచుండెను. వాయవ్యదిశను లోయ దాటి ఇంచుమించు మైలు దూరమున 1944లో కట్టిన హాలావా జలసొరంగము గలదు. 2021వఱకు హోనలూలూ పట్టణపు నీటిలో అయిదవవంతు అచ్చటినుండియే వచ్చుచుండెను. నీరు సముద్రమువైపే పోవునని నౌకాశాఖవారి లెక్క. లోయ అడుగున పేరుకొన్న బంకమట్టి అడ్డుగోడవలె నుండి చమురును హాలావా వైపు పోనీయదని వారు నమ్మిరి. జలసరఫరా సంఘమువారికిని రాష్ట్ర ఆరోగ్యశాఖవారికిని ఆ నమ్మకము కుదురలేదు.

నీటి దిక్కు కనిపెట్టు పద్ధతి పాఠశాల బాలురకును బోధపడును. మూడు బావులు త్రికోణముగా త్రవ్వి, మూడింటి నీటిమట్టములను కొలిచినచో, వాలు ఏ వైపుననున్నదో తెలియును. కాని ఎఱ్ఱకొండ క్రింద నీటిమట్టము దాదాపు సమతలము. బావికిని బావికిని భేదము అంగుళముల లెక్కలోనిది. బావిమొగము ఎత్తును కొలుచుటలో కొంచెము పొరపాటు పడినను, ఆ దినమున గాలి యొత్తిడి మాఱినను, మైలుదూరమున ఎవరైనను పంపు నడిపినను, పటముమీది బాణము దిక్కు మాఱిపోవును. ఇట్టి స్థితిలో ఒక పక్షము తన లెక్క నిశ్చయమని చెప్పుట సాహసము. 2015లో ప్రభుత్వశాఖలకును నౌకాశాఖకును ఒడంబడిక కుదిరి, ట్యాంకులను బాగుచేయుటకు రెండు దశాబ్దములకు మించిన గడువును ఏర్పఱచిరి. బావుల సంఖ్య పెంచుడు, పెంచవలసిన పనిలేదు అనుచు వాదములు సాగుచుండగనే ఆఱేండ్లు గడచెను.

తుదకు తీర్పు చెప్పినది ఒక గొట్టము. 2021 మే 6వ తేదీన చమురును ఒక చోటినుండి మఱియొక చోటికి పంపుచుండగా ఒత్తిడి హెచ్చి గొట్టపు అతుకు తెగెను. వెయ్యి గ్యాలనులకు పైచిలుకు మాత్రమే పోయినదనియు, అందు చాలవఱకు తోడివేసితిమనియు ప్రకటించిరి. నిజమునకు ఇరువదివేల గ్యాలనులు సొరంగపు పైకప్పున వ్రేలాడుచున్న మఱియొక గొట్టములోనికి పోయి చేరినవి. అది అగ్నిప్రమాదపు నీరు బయటికి పోవుటకై పెట్టిన ప్లాస్టికు గొట్టము. ఆ బరువునకు క్రుంగి, ఆఱునెలలు అట్లే యుండెను. పోయిన చమురెంత, దొరికిన చమురెంత యని లెక్క సరిపోల్చిన వారికి ఇరువదివేల గ్యాలనుల లోటు కనబడియుండవలెను గదా! నవంబరు 20వ తేదీ శనివారమున సొరంగములో చిన్న రైలుబండి నడుపుచున్న పనివాడొకడు ఆ క్రుంగిన గొట్టపు తూమునకు తగిలించెను. తూము విఱిగి చమురు కుమ్మరించెను. ఆ స్థలము నౌకాశాఖవారి జలసొరంగమునకు సమీపముననే.

వారము తిరుగకమునుపే, పండుగ సెలవులలో, సైనిక కుటుంబముల ఇండ్లలో కొళాయి త్రిప్పినచో కిరసనాయిలు వాసన కొట్టెను. కొందఱు నీటిపై తేలు పొరను చూచిరి. పిల్లలకు వాంతులు, ఒంటిపై దద్దురులు, తలనొప్పి. మొదటి పరీక్షలలో చమురు కనబడలేదని అధికారులు ధైర్యము చెప్పిరి. పరీక్షాబావులు, ఆవిరిగొట్టములు, కంప్యూటరు లెక్కలు అన్నియుండగా, ఈ సంగతిని ముందుగా కనిపెట్టినది వంటయింట నున్న తల్లుల ముక్కు. నవంబరు 29న ఆరోగ్యశాఖవారు ఆ నీరు త్రాగవలదని చాటిరి. డిసెంబరు మొదట తీసిన నీటిలో డీజిలుజాతి చమురు, ఆ శాఖ విధించిన హద్దునకు 350 రెట్లుండెను. ఆ నీటి సరఫరాపై ఆధారపడినవారు 93,000 మంది. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి హోటళ్లకు పోయెను. గొట్టములను కడిగి, బొగ్గుపొడి వడపోతలతో శుభ్రపఱచి, 2022 మార్చినాటికి గాని ఆ నీరు త్రాగవచ్చునని చెప్పలేకపోయిరి.

జలసరఫరా సంఘపు ప్రధాన ఇంజనీరు ఎర్నెస్టు లావ్ తమ హాలావా జలసొరంగమును డిసెంబరు తొలిదినములలోనే మూయించెను. దానిలో చమురు కనబడలేదు. అయినను తాము తోడినకొలది కొండక్రింది నీటిని, దానితోపాటు చమురును, తమవైపు లాగికొందుమేమో యని ఆయన భయము. పట్టణపు నీటిలో అయిదవవంతును స్వయముగా కట్టివేసికొనుట ఎంతటి కష్టమో చెప్పనక్కఱలేదు. మఱునాడు కఱవు వచ్చినచో జనులు ఆయననే దూషింపవచ్చును. చూచినవారు చెప్పుకొనునట్లు, విలేఖరుల యెదుట ఆయన కన్నీరు పెట్టుకొనెను. దిక్కు తెలియని నీటి విషయమున ఇంతకంటె వివేకమైన పని ఏమున్నదో నాకు తోచదు.

డిసెంబరు 6న ఆరోగ్యశాఖ ట్యాంకులను ఖాళీ చేయుడని యాజ్ఞాపించెను. నౌకాశాఖ మొదట ఎదిరించినది గాని, 2022 మార్చి 7న రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ ఎఱ్ఱకొండ ట్యాంకులను శాశ్వతముగా మూసివేయుదుమని ప్రకటించెను. చమురు దించుటయు సామాన్యముగా జరుగలేదు. ఎనుబదియేండ్ల గొట్టములను బాగుచేసిన పిమ్మట గాని వానిలో చమురు పాఱించుటకు ధైర్యము చాలలేదు. ఆ నడుమనే, 2022 నవంబరు 29న, మంటలార్పు నురుగు సరకు 1,300 గ్యాలనులు ఒలికెను. దానిలోని రసాయనములు నేలలో ఎన్నటికిని చెడవు. కావున ఆ చోటి మట్టిని, తారును పెల్లగించి దూరముగా తరలించిరి. 2023 అక్టోబరులో చమురు దించుట మొదలయి, 10 కోట్ల గ్యాలనులకు పైగా కొండదిగి ఓడలెక్కెను. 2024 మార్చినాటికి మిగిలిన మడ్డియు తీసివేయబడెను. వ్యాధిగ్రస్తులైన కుటుంబములు వేసిన దావాలలో మొదట విచారణకు వచ్చిన 17 మందికి 2025లో న్యాయస్థానము పరిహారమిప్పించెను. సొమ్ము వారు కోరినదానికంటె మిక్కిలి తక్కువ.

రాతిలో ఇంకినదంతయు దొరకలేదు. చెడిన జలసొరంగమునుండి దినమునకు యాబదిలక్షల గ్యాలనులవఱకు తోడి, బొగ్గులో వడగట్టి, హాలావా వాగులోనికి వదలిరి. ఆ తోడుటచేత చమురు దూరముగా పాఱక కొండచెంతనే నిలుచునని వారి యూహ. ఏ దిక్కునకు పాఱునో యను పాత ప్రశ్నకై కొండ చుట్టును, లోయకు ఆవలను క్రొత్త బావులు త్రవ్విరి. 2025లోను ఆ బావులనుండి నీరు సీసాలలో నింపి పరీక్షాశాలలకు పంపుచునే యుండిరి. హాలావా సొరంగపు పంపులు అప్పటికిని కదలలేదు.